హోం థియేటర్‌లో ముందుగా మార్చవలసిన స్పీకర్ ఏది?

హన్మకొండలోనో, కాజీపేటలోనో, కరీంనగర్‌లోనో ఈ మధ్య కట్టిన ఒక ఇంటి హాలును ఊహించుకుంటే దాని తీరు సులభంగానే కళ్లకు కడుతుంది. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, కింద గ్రానైట్ బండలు లేదా విట్రిఫైడ్ టైల్స్, సిమెంటు పూత వేసిన ఇటుక గోడలు, పైన 10 అడుగుల ఎత్తులో స్లాబ్, డైనింగ్ వైపు తలుపు లేకుండా తెరిచి ఉన్న జాగా, ఒక గోడకు టీవీ షోకేసు, ఎదురు గోడకు ఆనించిన సోఫా. ఆ హాలులో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న హోం థియేటర్ పెట్టుకున్న కుటుంబం రెండు మూడేళ్లకు చెప్పే మాట కూడా దాదాపు ఒకటే: "పాటలు మంచిగనే ఉన్నయి, ఫైట్లు మంచిగనే ఉన్నయి, మాటలే సమజైతలేవు." మాటల కోసం సౌండు పెంచడం, పాట రాగానే ఉలిక్కిపడి తగ్గించడం, సినిమా అయిపోయేదాకా రిమోట్ చేతిలోంచి దిగకపోవడం ఆ ఇంట్లో అలవాటైపోతుంది.

ఏ స్పీకర్‌ను మార్చాలన్న ప్రశ్న సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది, చాలా కుటుంబాలు దారి తప్పేదీ ఇక్కడే. దుకాణంలో కంటికి పెద్దగా కనిపించేది, గుండెకు తగిలేలా మోగేది సబ్‌వూఫర్ కాబట్టి డబ్బు మొదట దానిమీదికి పోతుంది. లేదంటే కొత్తగా వచ్చిందన్న ఆకర్షణతో పైకప్పు స్పీకర్ల మీదికి పోతుంది. మాటలు మాత్రం నిన్నటిలాగే మసకగా మిగిలిపోతాయి. సెట్టులో ఏది పాతబడిందో, ఏది చవకదో చూసి మార్చడం కన్నా, వినేవారికి ఏ లోపం వినిపిస్తోందో, ఆ లోపం ఏ స్పీకర్ మోసే పనికి సంబంధించిందో విడదీసి చూడడం మేలు. అలా చూస్తే ఎక్కువ ఇళ్లలో వేలు సెంటర్ స్పీకర్ వైపే చూపిస్తుంది. అయితే అక్కడికి చేరే ముందు తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి, వాటిలో కొన్నింటికి రూపాయి కూడా ఖర్చు కాదు.

మొదట ఎవరి పని ఏమిటో చూడాలి. ఇలాంటి సెట్టును 5.1 అంటారు. ఆ పేరులోని 5 అంటే ముందు ఎడమ, ముందు కుడి, నడుమ సెంటర్, పక్కనో వెనకనో ఉండే రెండు సరౌండ్ స్పీకర్లు. చివరనున్న .1 అంటే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 కంపనాలు) వరకే పనిచేసే ఒక ప్రత్యేక ఛానెల్, అంటే విడిగా పంపే శబ్దం. పేలుళ్లు, ఉరుములు, భూమి కంపించే శబ్దాలు అందులో పెడతారు, దానిని సబ్‌వూఫర్ మోస్తుంది. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డీటీఎస్ అనే శబ్ద పద్ధతులు సినిమా హాళ్లలోకి వచ్చినప్పటి నుంచి ఈ అమరిక స్థిరపడిపోయింది. సినిమాలో సంభాషణలను దాదాపుగా సెంటర్ ఛానెల్‌లోనే ఉంచుతారు. ఎందుకంటే సినిమా హాలులో ఎడమ చివరి కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా నటుడి మాట తెర నుంచే వస్తున్నట్టు అనిపించాలి. ఎడమ, కుడి స్పీకర్లకు మాటను సమంగా పంచితే, చివర కూర్చున్నవారికి అది దగ్గరి స్పీకర్ నుంచే వినిపిస్తుంది. అదే మిక్సింగ్ కొద్దిపాటి మార్పులతో ఇంటికి వస్తుంది. కాబట్టి రెండున్నర గంటల సినిమాలో అందరికన్నా ఎక్కువసేపు పనిచేసే స్పీకర్ సెంటర్. మన ఇళ్లలో తరచుగా చిన్నగా, చవకగా, ఇరుకు అరలో ఉండేది కూడా అదే కావడం బాధాకరం.

సరౌండ్ స్పీకర్ల విషయంలో పాత అభిప్రాయాలు ఇంకా మిగిలి ఉన్నాయి. డాల్బీ డిజిటల్‌కు ముందరి డాల్బీ ప్రో లాజిక్ పద్ధతి కాలంలో వెనకకు వెళ్లేది ఒకే ఛానెల్, అదీ 7 కిలోహెర్ట్జ్ వద్ద కత్తిరించిన శబ్దం. అందుకే వెనక చిన్న స్పీకర్ చాలు అనే మాట పుట్టింది. డాల్బీ డిజిటల్ నుంచి రెండు సరౌండ్‌లకూ పూర్తి స్థాయి శబ్దమే వెళ్తోంది. అయినా సగటు సినిమాలో వాటికి ఇచ్చే పని తక్కువ: వాన, జనసమ్మర్దం, పాటలో కోరస్, అప్పుడప్పుడు వెనక నుంచి దూసుకువచ్చే బండి. కాబట్టి పాత మాట కారణం చెల్లకపోయినా దాని ఫలితం ఇంకా చాలావరకు నిలుస్తుంది.

ఇక మాట మసకబారడానికి స్పీకర్ కాని కారణాలు. మొదటిది, వస్తున్న శబ్దమే ఐదు ఛానెళ్లది కాకపోవచ్చు. ఓటీటీలో ఒకే సినిమాకు ఒక భాషలో 5.1 ఉండి, తెలుగు డబ్బింగ్‌కు రెండు ఛానెళ్ల శబ్దమే ఉండే సందర్భాలు ఉంటాయి. టీవీ సెట్టింగులలో శబ్దాన్ని పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం) అని ఉంచి ఆప్టికల్ తీగ ద్వారా పంపితే, అసలు శబ్దం ఏదైనా రిసీవర్‌కు, అంటే శబ్దాన్ని అందుకుని స్పీకర్లకు పంచే పెట్టెకు, చేరేది రెండు ఛానెళ్లే. అప్పుడు రిసీవర్ స్టీరియో పద్ధతిలో ఉంటే సెంటర్ స్పీకర్ సినిమా అంతా మౌనంగా ఉంటుంది, పాపం దాని మీద నింద మాత్రం పడుతుంది. సినిమా ఆడుతుండగా సెంటర్ దగ్గర చెవి పెట్టి వినడం, రిసీవర్ ముందు పలక మీద ఏ శబ్దం వస్తోందని చూపుతోందో చదవడం ఒక నిమిషం పని. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే రిసీవర్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఆర్క్ ద్వారా కలిపితే ఓటీటీ వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా వస్తుంది. ఆప్టికల్ తీగ దానిని మోయలేదు.

రెండవది తీగలు. ఏదైనా ఒక స్పీకర్ వెనక ఎరుపు, నలుపు టెర్మినళ్లకు తీగలు తారుమారైతే ఆ స్పీకర్ మిగతా వాటికి ఎదురుగా ఊపిరి తీస్తుంది: అవి ముందుకు తోస్తున్న వేళ ఇది వెనక్కి లాగుతుంది. మాట గుల్లగా, ఎక్కడి నుంచి వస్తోందో తెలియనట్టుగా అవుతుంది, బేస్ పలచబడుతుంది. ఇంటికి సున్నం వేయించినప్పుడు స్పీకర్లన్నీ విప్పి తిరిగి బిగించే ఇళ్లలో ఇలా జరగడం అరుదేమీ కాదు.

మూడవది సెంటర్ కూర్చున్న చోటు. షోకేసులో టీవీ కింద అర లోపలికి తోసి, ముందు బొమ్మలు పెట్టిన స్పీకర్ నుంచి మంచి మాట ఆశించలేము. అర నాలుగు పక్కలా మూసి ఉండడం వల్ల మగ గొంతు బొంగురుగా ఉబ్బుతుంది, అర అంచులకు తగిలి హల్లులు చెదురుతాయి. స్పీకర్ ముఖాన్ని అర అంచు దాకా, వీలైతే ఒక అంగుళం బయటకు జరిపి, కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి కూర్చున్నవారి చెవి వైపు ఎత్తితే వచ్చే మార్పును చూసి ఆశ్చర్యపోయేవారే ఎక్కువ. రిసీవర్‌లో సెంటర్ స్థాయిని 2 లేదా 3 డెసిబెల్స్ పెంచడం ఆ తర్వాతి మెట్టు.

ఏప్రిల్, మే నెలలలో మరో సంగతి కూడా ఉంది. వరంగల్ ఎండలో కూలర్ లేకుండా హాలులో కూర్చోవడం కుదరదు. కూలర్ మోత, పైన ఫ్యాన్ గాలి శబ్దం చిన్న మాటలను మింగేస్తాయి. చలికాలంలో బాగున్న సెట్టు ఎండాకాలంలో చెడిపోయినట్టు అనిపిస్తే మార్చవలసింది స్పీకర్ కాదు, కూలర్ స్థలం. దానిని సోఫా పక్క నుంచి కిటికీ బయటకు జరిపితే సరిపోతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా లోపం మిగిలితే, అది సెంటర్‌దా కాదా తేల్చే పరీక్ష ఒకటి ఉంది. రిసీవర్ అమరికలలో సెంటర్ లేదని నమోదు చేస్తే, దానికి వెళ్లవలసిన మాట ఎడమ, కుడి స్పీకర్లకు సమంగా వెళ్లి, నడుమ కూర్చున్నవారికి తెర మధ్య నుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. అదే సన్నివేశాన్ని సెంటర్‌తో ఒకసారి, సెంటర్ లేకుండా ఒకసారి సోఫా నడుమ కూర్చుని వినాలి. సెంటర్ తీసేసినప్పుడు మాట తేటపడితే దోషం సెంటర్‌ది లేదా దాని స్థలానిది. రెండు సార్లూ ఒకేలా మసకగా ఉంటే దోషం గదిది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చినా డబ్బు నీళ్లపాలే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త స్పీకర్ కొనడం సరికాదు.

గది సంగతి తెలుగువారికి కొంచెం ప్రత్యేకంగా పట్టించుకోవలసినది. తెలుగు అజంత భాష. మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది. మాటలో బలమంతా అచ్చులదే, అర్థాన్ని వేరుచేసేది ఎక్కువగా హల్లులు. బోసి గోడలు, టైల్స్ ఉన్న హాలులో అచ్చు మోత వెంటనే ఆగదు, తర్వాతి మాట మొదటి హల్లు మీదికి పారుతుంది. ద్విత్వాక్షరాల పరిస్థితి ఇంకా సున్నితం. గడి, గడ్డి, అటు, అట్టు: ఈ జంటలలో తేడా అంతా నాలుక ఆగే ఆ లిప్తపాటు నిశ్శబ్దంలో ఉంది. ఆ నిశ్శబ్దాన్ని గది మోత పూడ్చివేస్తే చెవికి మిగిలేది ఊహే. స, శ, ష ల తేడా, హల్లుల అంచులు 2 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటాయి. అక్కడి ప్రతిధ్వనిని తగ్గించడానికి బట్ట, పత్తి పనికివస్తాయి.

దీనికి మందు వరంగల్‌లోనే నేస్తున్నారు. కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాలకు, అంటే 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలకు, ఇంతకన్నా మంచి ఉపయోగం చూపడం కష్టం. సోఫాకు, టీవీకి నడుమ నేల మీద ఒక మందపాటి జంపఖానా పరిస్తే నేల మీద పడి లేచే మొదటి ప్రతిధ్వని తగ్గుతుంది. ఇంకొకదానిని సోఫా వెనక గోడకు, గోడకూ దానికీ మధ్య నాలుగైదు అంగుళాల సందు ఉంచి వేలాడదీస్తే ఇంకా లోతుగా పనిచేస్తుంది. కారణం ఇది: శబ్దాన్ని పీల్చుకునే వస్తువు గోడ నుంచి శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. 2,000 హెర్ట్జ్ తరంగానికి ఆ నాలుగో వంతు నాలుగు సెంటీమీటర్ల చిల్లర. గోడకు అంటించిన పలుచని బట్టకు అంతటి దూరం దొరకదు, సందు వదిలితే దొరుకుతుంది. 100 హెర్ట్జ్‌కు అదే దూరం 86 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి జంపఖానాలతో బేస్ సమస్య తీరదు. ఆ సంగతి వేరు, సబ్‌వూఫర్ దగ్గర వస్తుంది.

ఇప్పుడు సెంటర్ ఎంపిక. దుకాణాలలో ఎక్కువగా కనిపించేది అడ్డంగా పడుకున్న పెట్టె: నడుమ సన్నని స్వరాలు పలికే చిన్న ట్వీటర్, అటూ ఇటూ మిగతా స్వరాలు పలికే ఒకే రకం ఊఫర్లు. ఎదురుగా కూర్చున్నవారికి ఇది బాగానే ఉంటుంది. పక్కకు జరిగేకొద్దీ ఒక ఊఫర్ దగ్గరై, ఇంకొకటి దూరమై, రెండింటి శబ్దం ఒకదానినొకటి చెరుపుకుంటుంది. ఆ చెరుపు తరచుగా మాటకు కీలకమైన చోటే పడుతుంది. ఇంటి పెద్దాయన నడుమ కూర్చుని "మంచిగనే వినబడుతుంది గదా" అంటే, ఎల్ ఆకారపు సోఫా చివర కూర్చున్న అమ్మకు ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే కావచ్చు. నడుమ ట్వీటర్ కింద మధ్య స్వరాలకు ఒక చిన్న మిడ్ స్పీకర్ నిలువుగా అమర్చిన, శబ్దాన్ని మూడు భాగాలుగా పంచే మూడు దారుల సెంటర్ ఈ లోపాన్ని చాలావరకు తగ్గిస్తుంది. స్థలం దొరికే ఇంట్లో అంతకన్నా మంచి మార్గం, ముందు ఎడమ, కుడిలలో ఉన్న బుక్‌షెల్ఫ్ (అర మీద పట్టే చిన్న పెట్టె) స్పీకర్ లాంటిదే మూడవది నిలువుగా నడుమ పెట్టడం. టీవీని గోడకు కొంచెం పైకి బిగించుకుంటే ఇది సాధ్యపడుతుంది. బుక్‌షెల్ఫ్‌లు జంటగానే అమ్ముతారు కాబట్టి నాలుగవది మిగులుతుంది. అయినా ఈ పద్ధతే సరైనదనడానికి వెనుకాడనక్కరలేదు.

మూడూ ఒకే రకంగా ఎందుకు ఉండాలి? తెర మీద ఒక డప్పు దళం ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్తోందనుకుంటే, శబ్దం ఎడమ స్పీకర్ నుంచి సెంటర్‌కు, అక్కడి నుంచి కుడికి జరుగుతుంది. మూడు స్పీకర్ల గొంతు ఒకటైతే చెవికి ఒకే డప్పు నడిచిపోతుంది. సెంటర్ గొంతు వేరైతే నడుమకు వచ్చేసరికి డప్పు మారినట్టు, దానిపై తోలు ఊడదీసి రేకు బిగించినట్టు వినిపిస్తుంది. ఈ కారణం వల్ల సెంటర్ ఒక్కదాన్నే మార్చడంలో ఒక చిక్కు ఉంది: మాట తేటపడుతుంది కానీ తెర ముందు భాగం రెండుగా చీలుతుంది. డబ్బు అనుకూలిస్తే ముందు మూడింటినీ ఒకేసారి, ఒకే కంపెనీ ఒకే వరుస నుంచి తీసుకోవడమే ఉత్తమం. అనుకూలించకపోతే, వచ్చే ఏడాది ఏ ఎడమ కుడి జత కొనదలచారో ముందు నిర్ణయించుకుని, దాని వరుసలోని సెంటర్‌ను ఇప్పుడు తీసుకోవాలి. ఇందులో ఆలస్యం ఎక్కువ కూడదు. కంపెనీలు కొన్నేళ్లకొకసారి వరుసలు మారుస్తాయి, తర్వాత జోడీ దొరకదు.

ముందు స్పీకర్ల మీద పెట్టిన డబ్బుకు రెండవ లాభం కూడా ఉంది. కొత్త జత ముందుకు వస్తే పాత జత వెనక్కి వెళ్లి సరౌండ్ అవుతుంది. ఒక్క కొనుగోలుతో సెట్టులో రెండు చోట్లు బాగుపడతాయి. సరౌండ్‌లను మొదట మార్చినవారికి ఈ అవకాశం ఉండదు, ఎందుకంటే అక్కడి నుంచి తీసిన చిన్న పెట్టెలు ముందుకు పనికిరావు. పాటలు స్టీరియోలో వినే అలవాటున్న ఇంట్లో ఎడమ, కుడి స్పీకర్లకే ఇంకా ఎక్కువ విలువ. సంగీతం సెంటర్‌ను అడగదు.

పైన చెప్పిందంతా రిసీవర్, స్పీకర్లు విడివిడిగా కొన్న సెట్లకు వర్తిస్తుంది. ఒకే డబ్బాలో అన్నీ కలిపి అమ్మే హోం థియేటర్ సెట్ల కథ వేరు. వాటిలో అరచేతిలో పట్టే స్పీకర్లు ఉంటాయి, అందులోని మూడు అంగుళాల కోన్ 150 లేదా 200 హెర్ట్జ్ కిందికి దిగలేదు. మగవారి గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే కథానాయకుడి గొంతులో బరువంతా మూలన పెట్టిన సబ్‌వూఫర్ నుంచి, పైపై భాగం టీవీ కింది పెట్టె నుంచి వస్తుంది. 80 హెర్ట్జ్ దిగువ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. 150 హెర్ట్జ్ శబ్దాన్ని మాత్రం సులభంగా పోల్చుకుంటుంది. అలాంటి సెట్టులో కొత్త సబ్‌వూఫర్ తెచ్చి 80 హెర్ట్జ్ వరకే మోగేలా అమర్చితే నడుమ పెద్ద ఖాళీ ఏర్పడి గొంతులు ఇంకా సన్నబడతాయి. పైగా ఆ సెట్ల స్పీకర్లు తరచుగా 3 లేదా 4 ఓమ్‌లవి, వాటి పిన్నులు వేరు, సబ్‌వూఫర్‌కు సొంత యాంప్లిఫయర్ ఉండదు. వీటిని ముక్కలు ముక్కలుగా మార్చబోవడం చిల్లు కుండకు అతుకులు వేయడమే. డబ్బు కూడబెట్టుకుని రిసీవర్, మూడు ముందు స్పీకర్లతో కొత్తగా మొదలుపెట్టి, సబ్‌వూఫర్ తర్వాత చేర్చుకోవడం మంచిది.

మాట బాగుపడ్డాక సబ్‌వూఫర్ వంతు వస్తుంది, ఇక్కడ మన చెవులకున్న అలవాటు కొంచెం అడ్డుపడుతుంది. బతుకమ్మ, బోనాలు, గణేశ్ నిమజ్జనం ఊరేగింపులలో డీజే బండి మీది 18 అంగుళాల పెట్టెలు మనకు బేస్ అంటే ఏమిటో నేర్పాయి. ఆ పెట్టెలు బహిరంగ ప్రదేశంలో వందల మందికి వినిపించేలా, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత ఇచ్చేలా కడతారు. సాధారణంగా అవి 40 హెర్ట్జ్ దిగువకు వెళ్లేసరికి బలం కోల్పోతాయి. సినిమాలో భవనం కూలే శబ్దం 20, 30 హెర్ట్జ్ దాకా దిగుతుంది. దానిలో మోత కన్నా బరువు ఎక్కువ. ఇంటికి తగిన సబ్‌వూఫర్‌ను ఎంత గట్టిగా మోగుతుందని కాక ఎంత కిందికి దిగుతుందని అడగాలి. ఇక్కడ భౌతికశాస్త్రం నిర్దాక్షిణ్యంగా ఉంటుంది: అదే స్థాయి శబ్దాన్ని సగం పౌనఃపున్యం వద్ద ఇవ్వాలంటే నాలుగు రెట్లు గాలిని కదపాలి. 8 అంగుళాల కోన్‌తో పోలిస్తే 12 అంగుళాల కోన్ వైశాల్యం 2.25 రెట్లు. కాబట్టి చిన్న పెట్టె నుంచి లోతైన బేస్ అని ప్రకటించే మాటలను అంతగా నమ్మనక్కరలేదు.

అయితే 8 నుంచి 12కు మారే ముందు ఉన్నదానిని జరిపి చూడాలి. 16 అడుగుల పొడవున్న గదిలో రెండు గోడల మధ్య శబ్దం సుమారు 35 హెర్ట్జ్ వద్ద, 12 అడుగుల వెడల్పులో 47 వద్ద, 10 అడుగుల ఎత్తులో 57 వద్ద నిలువ తరంగాలుగా మారుతుంది. గోడ దగ్గర ఆ స్వరాలు ఉబ్బుతాయి, గది నడుమ దాదాపు మాయమవుతాయి. అమెరికా ఇళ్లలోని చెక్క చట్రం, జిప్సం పలకల గోడలు బేస్‌లో కొంత పీల్చుకుంటాయి, కొంత బయటకు వదిలేస్తాయి. మన ఇటుక గోడ, స్లాబ్ ఆ పని చేయవు. అందుకే అక్కడి సమీక్షలలో బిగువుగా ఉందని రాసిన సబ్‌వూఫర్ ఇక్కడ ఒకే స్వరం మీద గుమ్మని మోగవచ్చు. గోడకు ఆనించిన సోఫాలో కూర్చునేవారికి ఈ ఉబ్బు ఇంకా ఎక్కువ. సోఫాను ఒకటిన్నర అడుగు ముందుకు జరపడం చాలా ఇళ్లలో కష్టమే, అయినా సాధ్యమైన చోట అది కొత్త సబ్‌వూఫర్ అంత పని చేస్తుంది. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా సోఫాలో కూర్చునే చోట పెట్టి, ఒక బేస్ పాట ఆడించి, గోడ వెంట మోకాళ్ల మీద తిరుగుతూ ఏ చోట అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తే అక్కడికి దానిని మార్చే పాత పద్ధతి నేటికీ నమ్మదగినదే. ఆ తర్వాత రిసీవర్‌తో వచ్చిన మైకును చెవి ఎత్తులో స్టాండు మీద పెట్టి గది శబ్దాన్ని కొలిచి సరిచేసే ఆడిసీ, వైపావో వంటి సవరణ పద్ధతిని నడిపించాలి. మైకును సోఫా దిండు మీద పడేసి నడిపిస్తే లెక్క తప్పుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. బేస్ స్లాబ్ గుండా కింది ఇంటికి దిగుతుంది, సబ్‌వూఫర్ కింద స్పాంజి పరిచినా పెద్దగా ఆగదు. రాత్రి పదికి పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇంటి మీద పెద్ద సబ్‌వూఫర్ నడపలేనప్పుడు, ఆ డబ్బును ముందు మూడు స్పీకర్లకే కలపడం వివేకం. రిసీవర్‌లో ఉండే రాత్రి పద్ధతి పెద్ద శబ్దాలను కుదించి మాటను పైకి తెస్తుంది. దానిని వాడడం నామోషీ కాదు.

వాట్ల విషయంలో పెద్దగా ఆగనవసరం లేదు. 100 వాట్ల రిసీవర్ నుంచి 120 వాట్లకు మారితే వచ్చే తేడా 0.8 డెసిబెల్, చెవికి అందీ అందనంత. అదే 85 డెసిబెల్ సెన్సిటివిటీ (ఒకే శక్తికి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందనే కొలత) ఉన్న స్పీకర్ బదులు 88 ఉన్నది ఎంచుకుంటే రిసీవర్ శక్తిని రెట్టింపు చేసినట్టే. స్పీకర్ తీగకు కూడా ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 10 మీటర్ల దాకా 8 ఓమ్ స్పీకర్‌కు సరిపోతుంది. ఖరీదైన తీగల మీద పెట్టే డబ్బు సెంటర్ మీద పెట్టడం న్యాయం.

సరౌండ్‌లు, పైకప్పు స్పీకర్లు చివరివి. సోఫా గోడకు ఆని ఉన్న గదిలో వెనక ఇంకో రెండు స్పీకర్లు చేర్చే 7.1 కోసం ఆరాటపడడం అనవసరం, వెనక స్పీకర్‌కు చోటే లేదు. రెండు సరౌండ్‌లను సోఫాకు సరిగ్గా పక్కలలో లేదా కొంచెం వెనకగా, చెవికి ఒకటి రెండు అడుగుల పైన ఉంచితే చాలు. డైనింగ్ వైపు గోడ లేని పక్కన ఒక స్టాండు పెట్టుకోవాలి. వీటిని మార్చవలసి వచ్చేది పాతవి చెడినప్పుడు, లేదా ముందు జత మారి పాతది ఖాళీ అయినప్పుడు. 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ కోసం పైన పెట్టే స్పీకర్లు నిజంగానే ఆనందం ఇస్తాయి, వాన పాటలో వాన పై నుంచి పడుతుంది. కానీ మాట తెలియని ఇంట్లో వాన ఎక్కడి నుంచి పడితే ఏం? నేల మీద నుంచి పైకి వదిలి పైకప్పుకు తగిలించే రకం స్పీకర్లకు చదునైన స్లాబ్ కావాలి. మెట్లు మెట్లుగా పీఓపీ ఫాల్స్ సీలింగ్ చేయించి నడుమ ఫ్యాన్ వేలాడే హాలులో అవి అనుకున్నట్టు పనిచేయవు.

కొనే ముందు వినడానికి ఎక్కువమంది హైదరాబాద్ వెళ్తారు. అక్కడి డెమో గదులలో తివాచీలు, గోడలకు బట్ట పలకలు ఉంటాయి. ఆ గది శబ్దం స్పీకర్‌తో పాటు ఇంటికి రాదు. పోల్చేటప్పుడు రెండు స్పీకర్ల స్థాయి సమంగా ఉందా అని పట్టుబట్టాలి, ఎందుకంటే ఒక డెసిబెల్ గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదిగానే అనిపిస్తుంది. దుకాణదారు ఆడించే పేలుళ్ల సన్నివేశం బదులు, ఇంట్లో అర్థం కాని తెలుగు సంభాషణనే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, నడుమ కుర్చీలో ఒకసారి, చివర కుర్చీలో ఒకసారి వినాలి. ఉన్న స్పీకర్ గరగరలాడుతోందంటే దానిని పారేయకముందు కోన్ అంచు చూడాలి. స్పాంజి అంచు మన వేడికి, తేమకు కొన్నేళ్లలో పొడిపొడి అవుతుంది, డీజే పెట్టెలు బాగుచేసే దుకాణాలలో ఆ అంచు మార్చించుకుంటే కొత్తదాని ఖర్చులో చిన్న భాగంతో స్పీకర్ తిరిగి లేస్తుంది.

ఇల్లు ఇంకా కడుతున్నవారికి మాత్రం క్రమం కొంచెం మారుతుంది. స్పీకర్లు ఎప్పుడు కొన్నా ఫరవాలేదు, తీగల దారి ఇప్పుడే వేయాలి. గోడలకు పూత పడకముందే టీవీ గోడ నుంచి సోఫా రెండు పక్కలకు, స్లాబ్ పోయకముందే పైన నాలుగు చోట్లకు, కరెంటు పైపులకు ఒక అడుగు దూరంగా ఒక అంగుళం పైపు వేయించి, అందులో ఒక లాగుడు దారం వదిలి, రెండు చివరలా మూత పెట్టించాలి. ఆ పైపులు ఎక్కడున్నాయో టేపుతో కొలిచి ఫోటో తీసి ఉంచుకుంటే, ఆరేళ్ల తర్వాత సరౌండ్‌ల వంతు వచ్చిన రోజున గోడ పగలగొట్టే పని ఉండదు.